కంచె అవతల కూసే పుంజు

ముందు ఉత్తరం, కొంచెం కుదించి:

"అన్నా, మేం ఉండేది సెయింట్ లూయిస్ దగ్గర. మా టీమ్‌లో ఒకతను వేట అలవాటు చేశాడు. హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేసి, ఈ ఏడాది స్ప్రింగ్ టర్కీ పర్మిట్ (వసంతంలో టర్కీ కోడి వేటకి అనుమతి) తీసుకున్నాను. ఇంటికి గంటన్నర దూరంలో ఒక కన్జర్వేషన్ ఏరియా, అంటే జనం వేటాడుకోగల ప్రభుత్వ అటవీ భూమి, ఉంది, దాని తూర్పు వైపు కంచె, కంచె అవతల ఒక రైతు ఆవుల బీడు. మూడు శనివారాలుగా చూస్తున్నాను, ఒక పెద్ద మగ టర్కీ అవతలి వైపు చెట్టు మీదే పడుకుంటోంది, తెల్లారగానే దిగి బీడులో పురి విప్పుకుని తిరుగుతోంది. నేను పెట్ట కూతలా పిలిస్తే జవాబిస్తుంది, కంచెకి అరవై గజాల దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. పోయిన వారం ఆ రైతు బండి మీద వచ్చి, నువ్వు కూర్చున్న చెట్టు కూడా నాదే, లేచి వెళ్లు అన్నాడు. ఆ చుట్టుపక్కల కొన్ని చెట్లకి ఊదా రంగు గీతలున్నాయి, కొట్టేయడానికి గుర్తు పెట్టారేమో అనుకున్నాను. నా ప్రశ్నలు: నేను నిలబడింది పబ్లిక్ లాండ్‌లోనే కాబట్టి కంచె మీదుగా కాల్చవచ్చా? దెబ్బ తిని అవతల పడితే వెళ్లి తెచ్చుకోవచ్చా? రైతు చెప్పింది నిజమో కాదో ఎలా తెలుస్తుంది? నేను హెచ్‌వన్ మీద ఉన్నాను, మా ఆవిడకి ఇదంతా ఒకటే టెన్షన్."

తమ్ముడూ, మీ ఆవిడ టెన్షన్‌లో అర్థం ఉంది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

మొదటి ప్రశ్నకి జవాబు, కాల్చకూడదు. నీ కాళ్లు ఎక్కడున్నాయన్నది కాదు లెక్క, పక్షి ఎక్కడుంది, నీ తుపాకీ సీసపు గుళ్లు, అదే రవ్వలు, ఎక్కడ పడతాయి అన్నది లెక్క. కంచె అవతల నిలబడ్డ పుంజుని కొడితే నువ్వు అతని పొలంలో అతని అనుమతి లేకుండా వేటాడినట్టే. పైగా అది బీడు, ఎదురుగా ఆవులు, వాటి వెనక ఎక్కడో ఆ రైతు. నువ్వు చెప్పే అరవై గజాలు షాట్‌గన్‌కి దూరమే. నలభై గజాలు దాటాక రవ్వలు విచ్చుకుపోతాయి, తలకీ మెడకీ తగలాల్సినవి రెక్కలకి తగిలి పక్షి పరిగెత్తిపోతుంది, రెండు రోజులు ఏ పొదలోనో పడి చస్తుంది. కాబట్టి కంచె లేకపోయినా అది కొట్టే షాట్ కాదు.

రెండో ప్రశ్నకి జవాబు నా అనుభవంతో చెప్తాను, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. నా రెండో సీజన్‌లో, ఇదే మిస్సోరీలో, సరిగ్గా నీలాగే కంచెకి ఆనుకుని ఉన్న ఓక్ చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాను. పుంజు ఇవతలికే వచ్చింది, ముప్పై గజాల లోపే, నా షాట్‌లో తప్పేమీ లేదు. పడింది, లేచింది, రెక్కలు టపటపా కొట్టుకుంటూ కంచె తీగల మీద నుంచి దొర్లి అవతల ఇరవై అడుగుల దూరంలో కదలకుండా పడిపోయింది. కళ్లెదుట ఉంది. దాని రొమ్ము మీద ఈకలు ఎండకి రాగి బిందెలా మెరుస్తున్నాయి. చుట్టూ పురుగు లేదు, ఎవరూ చూడటం లేదు, రెండు నిమిషాల పని. తీగ మీద చెయ్యి కూడా వేశాను. కానీ అప్పటికే క్లాసులో చెప్పింది గుర్తుంది: దెబ్బ తిన్న పక్షిని వెతికి తెచ్చుకోవడం వేటగాడి బాధ్యత, కానీ ఆ బాధ్యత నిన్ను ఇంకొకరి భూమిలోకి అడుగు పెట్టనివ్వదు, ముందు అనుమతి కావాల్సిందే. తుపాకీ ఖాళీ చేసి, కౌంటీ కన్జర్వేషన్ ఏజెంట్‌కి, అంటే వేట చట్టాలు చూసే అధికారికి, ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే చెప్పాడు, నేను ఆ భూయజమానిని అడిగి చూడగలను గానీ ఒప్పించలేను, ఆయన వద్దంటే వద్దే అని. గంటా పది నిమిషాలు కూర్చున్నాను. ఈలోగా ఈగలు చేరాయి. చివరికి ఒక పెద్దాయన చిన్న బండి మీద వచ్చి, పక్షిని కాళ్లు పట్టుకుని ఎత్తి, బరువు చూసినట్టు ఒకసారి ఊపి, కంచె మీదుగా నా చేతికి ఇచ్చి, ఒక్క మాటే అన్నాడు: "ఇంత దగ్గర కూర్చుంటే ఇలాగే అవుతుంది." తిట్టి ఉంటే నాకు అంత సిగ్గు వేసేది కాదు.

అప్పటి నుంచి నేను కంచెకి నూట యాభై గజాల కంటే దగ్గరగా కూర్చోవడం మానేశాను. నీకూ అదే చెప్తాను, ఎలాగో కిందకి వెళ్తే వస్తుంది. ముందు రైతు సంగతి తేల్చుకుందాం.

ఆ ఊదా గీతలు కొట్టేసే చెట్ల గుర్తులు కావు. మిస్సోరీ చట్టం ప్రకారం అవి "లోపలికి రావద్దు" అనే బోర్డుతో సమానం. చెట్టుకి గానీ స్తంభానికి గానీ నిలువుగా కనీసం ఎనిమిది అంగుళాల గీత, దాని కింది అంచు నేల నుంచి మూడు నుంచి అయిదు అడుగుల ఎత్తులో, గీతకీ గీతకీ మధ్య వంద అడుగులకి మించని దూరం. బోర్డులు పెడితే కుర్రాళ్లు పీకేస్తారు, తుపాకీతో కొట్టి జల్లెడ చేస్తారు, రంగుని పీకలేరు కదా. ఆ గీత దాటి అడుగు వేస్తే, నాకు తెలియదు అనడం కుదరదు, క్లాస్ బి మిస్డిమీనర్ కింద ఆరు నెలల దాకా జైలు పడే నేరం అది. కాబట్టి మొట్టమొదట చూడాల్సింది ఏమిటంటే, నువ్వు కూర్చున్న చెట్టు ఆ గీతలకి ఏ వైపు ఉంది?

అతను చెప్పింది నిజమూ కావచ్చు, కాకపోనూ వచ్చు. మన ఊళ్లలో గట్టు తగాదాలు చూసినవాడికి ఇది కొత్తేమీ కాదు, పోరంబోకు పక్కన పొలమున్న ఆసామి ఏడాదికి ఒక సాలు లోపలికి జరిపి దున్నుతాడు, ఇరవై ఏళ్లకి అది తాతల నాటి ఆస్తి అయిపోతుంది. ఇక్కడ తేడా ఏమిటంటే, కంచె ఉన్నచోటే హద్దు ఉండాలని లేదు, రెండు వైపులా. వాగు వంపు తిరిగిందనో రాయి తగిలిందనో ఎప్పుడో ఎవరో కంచెని వీలైన చోట వేసి ఉంటారు, అసలు హద్దు దానికి ముప్పై గజాలు అటో ఇటో ఉండొచ్చు. కౌంటీ అసెసర్ ఆఫీసు పార్సెల్ మ్యాపు చూడు, ఆన్‌లైన్‌లో చాలా కౌంటీలవి దొరుకుతాయి, మన అడంగల్ లాంటిదే అనుకో. కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్ ఆ ఏరియాకి వేసిన మ్యాపు చూడు. ఆ హద్దు బోర్డులు ఎక్కడెక్కడ ఉన్నాయో పగటి పూట, తుపాకీ లేకుండా నడిచి చూడు. భూముల హద్దులు చూపించే ఆన్‌ఎక్స్ లాంటి యాప్ ఉంటే మంచిదే, నేనూ వాడతాను, కానీ దాన్ని సర్వే రాయి అనుకోకు. ఆకాశం తెరిచి ఉన్నచోటే ఫోన్ జీపీఎస్ అయిదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, ఆకు కమ్మిన చెట్ల కింద ఇంకా ఎక్కువ తప్పుతుంది, పైగా యాప్‌లో గీసిన గీత కూడా కొంచెం పక్కకి ఉండొచ్చు. రెండు తప్పులూ ఒకే వైపు కలిస్తే నువ్వు పొరుగువాడి పొలంలో కూర్చుని నీ హక్కుల గురించి వాదిస్తుంటావు.

వాదించడం అన్నాను కాబట్టి, ఆ పని మాత్రం చేయకు. చేతిలో తుపాకీ ఉన్న మనిషి హద్దు దగ్గర గొంతు పెంచితే అవతలివాడికి నీ మ్యాపు కనిపించదు, తుపాకీ కనిపిస్తుంది. చట్టబద్ధంగా వేటాడేవాడిని కావాలని అడ్డుకోవడం ఇక్కడ నేరమే, నిజమే. కానీ అడవిలో దాన్ని నువ్వే అమలు చేయబోతే పరిస్థితి చెడుతుంది. "సారీ సర్, నేను చెక్ చేసుకుంటాను" అని లేచి వచ్చేసి, ఆ మధ్యాహ్నం ఏజెంట్‌కి ఫోన్ చేసి హద్దు ఎక్కడో అడుగు. వాళ్ల పనిలో అదొక భాగం, విసుక్కోరు.

ఇంటర్నెట్‌లో నీకు ఎవరో ఒకరు వయోమింగ్ కేసు చూపించి రెచ్చగొడతారు, అందుకని ముందే చెప్తున్నా. 2021లో మిస్సోరీ నుంచి వెళ్లిన నలుగురు వేటగాళ్లే అక్కడ చదరంగం గళ్లలా ఉన్న భూముల్లో, రెండు పబ్లిక్ గళ్లు కలిసే మూల దగ్గర నిచ్చెన వేసుకుని ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా ఇటు నుంచి అటు దాటారు. 2022లో జ్యూరీ వాళ్లని నిర్దోషులంది. భూయజమాని వేసిన సివిల్ దావాలో 2025లో టెన్త్ సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు కూడా, 1885 నాటి ఒక చట్టం ఆధారంగా, వేటగాళ్ల పక్షానే తీర్పిచ్చింది. బాగుంది, కానీ ఆ కోర్టు పరిధిలో మిస్సోరీ లేదు, పైగా నీ సమస్య మూల కాదు, పొడవాటి గట్టు. అక్కడ పబ్లిక్ భూమికి వెళ్లే దారే లేదు, నువ్వు పబ్లిక్ భూమిలోనే ఉండి పొరుగు భూమిలోని పక్షిని ఆశిస్తున్నావు. రెండూ ఒకటి కావు.

ఇక అసలు సంగతి, ఆ పుంజు. మూడు శనివారాలుగా నువ్వు దాన్ని పిలుస్తున్నావు, అది ఆగిపోతోంది, నీ పిలుపు బాగాలేదేమో అనుకుంటున్నావు కదా. టర్కీల్లో పద్ధతి ఏమిటంటే పుంజు కూస్తే పెట్ట దాని దగ్గరికి వెళ్లాలి. పెట్ట కూస్తే పుంజు నడిచి రావడం తిరగేసిన వ్యవహారం. అందుకే అది తనకి నాలుగు వైపులా కనిపించే చోట, అంటే ఆ బీడులో, పురి విప్పి, రెక్కల చివర్లు నేలకి ఈడుస్తూ, "నేనిక్కడున్నాను, నువ్వే రా" అంటుంది. దానికి తోడు తీగల కంచె, చిన్న వాగు, పడిపోయిన చెట్టు, ఏది అడ్డొచ్చినా అక్కడే తచ్చాడుతుంది, ఎగిరి దాటగలిగి కూడా దాటదు. తెల్లారగట్ట దాని చుట్టూ నిజమైన పెట్టలే ఉంటాయి, నీ చెక్క పెట్టెతో చేసే దొంగ కూత ఎవరికి కావాలి?

కానీ పొద్దెక్కేకొద్దీ సీన్ మారుతుంది. పెట్టలు రోజుకో గుడ్డు పెట్టుకునే రోజులివి, ఒక్కొక్కటే గూడు దగ్గరికి జారుకుంటాయి, సీజన్ చివరికొచ్చేసరికి పొదగడానికే కూర్చుంటాయి, అది ఇరవై ఎనిమిది రోజుల పని. తొమ్మిదిన్నర, పది దాటాక ఆ పుంజు ఒంటరి. అప్పుడు నడుస్తుంది, వెతుక్కుంటుంది, పొద్దున దాటని కంచెని అప్పుడు దాటుతుంది. మనవాళ్లలో చాలామంది మూడింటికి లేచి, ఏడున్నరకి పుంజు కూత ఆగిపోగానే విసుగొచ్చి డంకిన్‌లో కాఫీకి వెళ్లిపోతారు. నువ్వు వెళ్లకు. మిస్సోరీలో పబ్లిక్ లాండ్ మీద సూర్యోదయానికి అరగంట ముందు నుంచి మధ్యాహ్నం ఒంటి గంట దాకా టైముంది, ఆ చివరి మూడు గంటలే నీవి. 2024 నుంచి ప్రైవేటు భూముల్లో మాత్రం సూర్యాస్తమయం దాకా వేటాడనిస్తున్నారు, కాబట్టి ఒంటి గంట తర్వాత కంచె అవతల తుపాకీ మోగితే, ఓహో ఇంకా నడుస్తోంది కాబోలు అనుకుని మళ్లీ కూర్చోకు.

ఎక్కడ కూర్చోవాలంటే, కంచె నుంచి నూట యాభై గజాలు లోపలికి, ఆ బీడు కనిపించని చోట. కలప లాగడానికి వేసిన పాత రోడ్డో, గుట్ట వెన్నో, చెట్ల మధ్య చిన్న ఖాళీయో చూసుకో. నీకంటే వెడల్పైన చెట్టుకి వీపు ఆనించు. పుంజు పిలుపు విని వచ్చినప్పుడు పెట్ట ఎక్కడుందో కనబడాలని చూస్తుంది, బీడులో నిలబడి అరవై గజాల అడవిలోకి చూస్తే పెట్ట లేదని దానికి తెలిసిపోతోంది, అందుకే రావడం లేదు. ఒక మలుపు వెనక నుంచి పిలిస్తే చూడ్డానికి మలుపు తిరగాల్సిందే, తిరిగేసరికి ముప్పై గజాల్లో ఉంటుంది. పిలుపు తగ్గించు. పది నిమిషాలకోసారి మెత్తగా మూడు నాలుగు కూతలు, మధ్యలో చేత్తో ఎండుటాకులు కెలుకు, అంతే. ఒక్కోసారి అది కూయకుండానే వస్తుంది, ముందు ఏమీ వినబడదు, తర్వాత దూరంగా ఎక్కడో మోటారు ఆన్ చేసినట్టు సన్నటి గుడగుడ చెవికి కాదు, రొమ్ముకి తగులుతుంది. అప్పుడు కనురెప్ప కూడా మెల్లగా వెయ్యి.

మా తాత రోజుల్లో కౌజు పిట్టని పంజరంలో పెట్టి పొదల్లో దీమం ఉంచేవాళ్లు, దాని కూతకి అడవి కౌజులు పోట్లాటకి వచ్చి ఉచ్చులో పడేవి. 1972 చట్టం వచ్చాక మన దగ్గర అలాంటి వేట చేస్తే కేసే, ఊళ్లో ఎవరైనా నీ ఫొటో చూసి సరదా పడితే ఆ సంగతి కూడా చెప్పు. ఇక్కడ రబ్బరు పెట్ట దీమంగా పనికొస్తుంది, ప్రాణమున్నది పెట్టకూడదు, ఫోన్‌లో రికార్డు చేసిన కూత వినిపించకూడదు. అలాగే కంచె దగ్గర రెండు దోసిళ్లు మొక్కజొన్న చల్లితే ఇవతలికి వస్తుందేమో అన్న ఐడియా నీకొచ్చి ఉంటే (నాకొచ్చింది, దాచను), అది ఎర కింద లెక్క, గింజ గింజా ఏరేశాక కూడా పది రోజుల దాకా అక్కడ వేటాడకూడదు.

పబ్లిక్ లాండ్‌లో కంచె కంటే నాకు భయం ఇంకొకటి, ఇంకో వేటగాడు. నీ పెట్ట కూత విని అతను, అతని కూత విని నువ్వు, ఇద్దరూ పాక్కుంటూ దగ్గరవడం. కూత వినబడిన వైపు నక్కి నక్కి వెళ్లకు, కూర్చుని రప్పించుకో. ఎరుపు, తెలుపు, నీలం రంగులేవీ ఒంటి మీద ఉండకూడదు, అవి పుంజు తల రంగులు. కాలి సాక్స్, జేబులోంచి తొంగి చూసే కర్చీఫ్ కూడా లెక్కే. ఎవరైనా నీ వైపు వస్తుంటే చెయ్యి ఊపకు, కదలకుండా గట్టిగా మాట్లాడు. పుంజు బెదిరి పారిపోతే పోనీ.

ఇప్పుడు ఆ రైతు దగ్గరికి. అతని గుమ్మం తొక్కు, కానీ ఈ సీజన్‌లో కాదు, పొద్దున్నే కాదు, మచ్చల డ్రెస్సు వేసుకుని అసలే కాదు. మిస్సోరీలో నూటికి 93 వంతుల భూమి ప్రైవేటు వాళ్లదే, టర్కీలు చాలావరకు వాళ్ల దగ్గరే ఉంటాయి, కాబట్టి ఇక్కడ అడగడం చిన్నతనం కాదు, ఊరి మర్యాద. జూన్‌లోనో జులైలోనో ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి భోంచేసి ఉంటారు, మామూలు చొక్కాతో వెళ్లు. వీలైతే మీ ఆవిడనీ తీసుకెళ్లు. "ఆ రోజు కంచె దగ్గర కూర్చున్నది నేనే, హద్దు చూసుకున్నాను" అని మొదలుపెట్టు, తప్పు నీదైతే ఒప్పుకో, అతనిదైతే ఆ ఊసే ఎత్తకు. వేటకి అనుమతి అడగకు, మొదటిసారే అడిగితే కాదంటాడు. ఒక్కటే అడుగు: దెబ్బ తిన్న పక్షి ఎప్పుడైనా అటు పడితే ఫోన్ చేయనా, నంబర్ ఇస్తారా? నంబర్ ఇచ్చాడంటే సగం పని అయినట్టే. అతను కాదన్నా నష్టం లేదు, కనీసం ఈసారి బండి ఆపేది ముక్కూ మొహం తెలిసినవాడి దగ్గర.

చివరిగా నీ వీసా. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు, హెచ్‌వన్ కూడా అందులోదే. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. నువ్వు నిలబడింది ఆ మినహాయింపు మీద, అందుకే పర్మిట్ ఎప్పుడూ నీతోనే ఉండాలి. ఇంకో చిక్కుంది, ఎవరూ చెప్పరు: నీ టర్కీ పర్మిట్ ఈ సీజన్‌కే. సీజన్ అయిపోయాక తుపాకీ నీ అల్మరాలో ఉంటే, ఇప్పుడు నీ చేతిలో ఏ లైసెన్స్ ఉంది అన్న ప్రశ్న వస్తుంది. కాబట్టి ఏడాది పొడవునా ఏదో ఒక పర్మిట్ నడిచేలా చూసుకో, లేదా తుపాకీ కొనకుండా ఫ్రెండ్‌ది అక్కడే వాడి అక్కడే ఇచ్చెయ్. ఏది చేసినా ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి కనుక్కో, నా మాట మీద ఆగిపోకు. చేతిలో తుపాకీతో ఇంకొకరి భూమిలో చొరబడ్డావని ట్రెస్‌పాస్ కేసు పడితే, రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు కౌంటర్ అవతల కూర్చున్న ఆఫీసర్‌కి టర్కీ కథ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది. మీ ఆవిడ భయపడుతున్నది దీనికే.

వచ్చే శనివారం పదింటికి ఆ లోపలి చెట్టు దగ్గర ఉండు. పడితే ముందు పర్మిట్ నాచ్ చెయ్యి, అంటే వాడేసినట్టు గుర్తు పెట్టు, ఆ రాత్రి పదిలోపు టెలిచెక్ చెయ్యి, అంటే పక్షి పడిందని డిపార్ట్‌మెంట్‌కి నమోదు చెయ్యి, పక్షిని నారింజ రంగు సంచిలో వేసుకుని మొయ్యి, భుజం మీద ఊగుతుంటే ఎవడో పుంజే అనుకుంటాడు. రొమ్ము మాంసం వేపుడుకి బాగుంటుంది, కాళ్లు మాత్రం రబ్బరే, కుక్కర్‌లో ఏడెనిమిది విజిల్స్ రానిచ్చి పులుసు పెట్టుకోండి.